పలకకపోయినా తెలిసిన పదం

పదాన్ని గుర్తుపట్టడం, పదాన్ని పైకి పలకడం అనేవి రెండు వేర్వేరు పనులు. మొదటిది కన్నూ మనసూ కలిసి చేసే పని కాగా, రెండోదానికి వాటితో పాటు నాలుక, పెదవులు, ఊపిరి, అన్నిటినీ మించి నలుగురిలో నోరు విప్పగల ధైర్యం కూడా కావాలి. తెలుగునాట బడిలో ‘చదవడం’ అంటే గొంతెత్తి చదవడమేనన్న అర్థం తరతరాలుగా స్థిరపడిపోయినందువల్ల, మాట స్పష్టంగా రాని బిడ్డకూ, అసలు మాటే రాని బిడ్డకూ, మాట ధారాళంగా వచ్చినా అక్షరం చూడగానే తడబడే బిడ్డకూ ఒకే తీర్పు పడుతూ వచ్చింది: వీళ్ళకు చదువు రాదు. ఆ తీర్పులో మూడు వేర్వేరు కష్టాలు ఒకే మాట కింద కలిసిపోయాయి. పైగా పలకలేని బిడ్డకు తెలిసిన పదాలు ఏ లెక్కలోకీ రాకుండా పోయాయి. అందుచేత పదాన్ని గుర్తుపట్టడం ఎలా నేర్పాలో చెప్పుకునే ముందు, బిడ్డ గుర్తుపట్టిన సంగతి ఉపాధ్యాయునికీ తల్లిదండ్రులకూ ఎలా తెలుస్తుందో తేల్చుకోవడం అవసరం. ఈ అధ్యాయంలోని పద్ధతులన్నీ ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్నవే.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు చదవడాన్ని రెండు శక్తుల గుణకారంగా వర్ణించారు. రాసి ఉన్న పదం ఫలానాదని పోల్చుకోగలగడం ఒకటి. ఆ పదానికీ వాక్యానికీ అర్థం తెలిసి ఉండటం రెండోది. కూడిక అనకుండా గుణకారం అనడంలోనే వారి ఉద్దేశం ఉంది, ఎందుకంటే రెండింట్లో ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నే అవుతుంది. డిస్లెక్సియా అంటే, తెలివితేటలకూ వినికిడికీ లోటు లేకపోయినా అక్షరాన్ని ధ్వనితో జతపరచడంలో ఎదురయ్యే ప్రత్యేకమైన ఇబ్బంది. ఆ ఇబ్బంది ఉన్న బిడ్డకు కథ చెబితే చక్కగా అర్థమవుతుంది, అదే కథ పుస్తకంలో ఉంటే దానిలోకి వెళ్ళే దారి దొరకదు. ఆటిజం ఉన్న కొందరు పిల్లల్లో దీనికి తలకిందులైన స్థితి కనిపిస్తుంది. గోడల మీది రాతలు, డబ్బాల మీది పేర్లు గడగడా చదివేస్తారు గాని వాటిలో ఒక్కదానికైనా వస్తువును చూపించమంటే చూపించలేరు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి చెవితో విన్నదాని కంటే కంటితో చూసినది ఎక్కువ కాలం నిలుస్తుంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల నోటి కండరాలు అదుపులో లేని బిడ్డకు పదమూ అర్థమూ రెండూ తెలిసి ఉండి, చెప్పే దారి ఒక్కటే మూసుకుపోయి ఉండవచ్చు. ఈ నలుగురినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే నలుగురూ నష్టపోతారు.

బస్సు బోర్డు మీద నాలుగు దశలు

తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో, కామారెడ్డి బస్టాండులో గాని ఎల్లారెడ్డి బస్టాండులో గాని, బడి ముఖం చూడని పెద్దలు సైతం తాము ఎక్కవలసిన బస్సును బోర్డును బట్టి పోల్చుకోవడం మామూలే. పదాన్ని గుర్తుపట్టడమనే ప్రక్రియలో ఎన్ని మెట్లున్నాయో ఆ బోర్డుల దగ్గరే చూడవచ్చు. పిల్లలు పదాలను పోల్చుకునే తీరు దశలు దశలుగా మారుతుందని అమెరికా విద్యా మనోవిజ్ఞానవేత్త లిన్నియా ఎరి వివరించారు. మొదటి దశలో బిడ్డ అక్షరాలను చూడదు. బస్సు రంగు, అది ఆగే చోటు, బోర్డు మీది రాత పొడవు, ఎక్కడో కంటికి తగిలిన ఒక మెలిక, ఇవే దానికి ఆనవాళ్ళు. రెండో దశలో ఒకటి రెండు అక్షరాలు ఆనవాళ్ళవుతాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి అన్న రెండు పేర్లకూ నాలుగేసి అక్షరాలు, రెండింటి చివరా ‘రెడ్డి’యే. తోకను పట్టుకున్న బిడ్డకు రెండు బస్సులూ ఒకటే. తలను పట్టుకున్న బిడ్డ ‘కా’నూ ‘ఎ’నూ చూసి వేరు చేయగలుగుతుంది గాని, మాచారెడ్డి బోర్డు ఎదురైతే మళ్ళీ తికమక పడుతుంది, ఎందుకంటే ‘మా’ అనే అక్షరం కామారెడ్డిలోనూ ఉంది, అక్షరం ఏదన్నదే కాక ఎన్నో చోట ఉందన్నది కూడా చూడాలని ఆ బిడ్డకు ఇంకా తెలియదు. నాగిరెడ్డిపేట దగ్గరికి వచ్చేసరికి ‘రెడ్డి’ తోక స్థానం వదిలి పదం నడుముకు చేరుతుంది.

మూడో దశలో బిడ్డ అక్షరాలన్నిటినీ వరుసగా ధ్వనులతో జతచేసుకుంటూ పోతుంది. తెలుగులో దీనికి కూడబలుక్కోవడమని చక్కని మాట ఉంది. నాలుగో దశలో ‘రెడ్డి’ అన్న భాగమంతా ఒక్క ముద్దగా కంటికి ఆనుతుంది. అప్పుడు సంగారెడ్డి బోర్డును మొట్టమొదటిసారి చూసినా ‘సంగా’ వరకు కూడబలుక్కుంటే చాలు, మిగిలినది దానంతట అదే వస్తుంది. సాధారణంగా ఎదిగే పిల్లలు ఈ నాలుగు దశలనూ ఎవరూ గమనించకుండానే దాటిపోతారు. అభ్యసనంలో ఇబ్బంది ఉన్న బిడ్డ మాత్రం ఒక దశకూ మరో దశకూ నడుమ నెలల తరబడి నిలిచిపోతుంది, ఏ దశలో నిలిచిపోయిందో అది చేసే తప్పే చెబుతుంది. ‘ఎల్లారెడ్డి’ కార్డు అడిగితే ‘కామారెడ్డి’ గాని ‘మాచారెడ్డి’ గాని తీసిచ్చిన బిడ్డ చూపు మధ్యలోని దీర్ఘం మీదో ఆ చివరి ‘రెడ్డి’ మీదో ఉంది, ‘దోమకొండ’ తీసిచ్చిన బిడ్డ ఇంకా అక్షరాల దాకా రాలేదు. మూడింటికీ ‘తప్పు’ అని ఎర్ర సిరాతో కొట్టివేసే అలవాటు వల్ల ఉపాధ్యాయునికి అందవలసిన అతి విలువైన సమాచారం పోతోంది.

తెలుగు లిపిలోని ప్రత్యేకమైన కష్టం

ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన పద్ధతులను ఉన్నవి ఉన్నట్టుగా తెలుగుకు తెచ్చుకోవడం కుదరదు. ఇంగ్లీషుకు 26 అక్షరాలే గనుక వాటిని త్వరగా నేర్పి, నియమానికి లొంగని పదాలను చూపుతో పట్టించే విధానం అక్కడ పెరిగింది. ఎడ్వర్డ్ డోల్చ్ 1936లో ప్రకటించిన 220 పదాల జాబితా అటువంటిదే. ఆ జాబితాలో ఎక్కువ భాగం వాక్యాన్ని కలిపే చిన్న చిన్న మాటలు. తెలుగులో ఆ పనిని చేసేవి విడి పదాలు కావు, పదానికి అతుక్కునే ప్రత్యయాలు. ‘చెరువు’ అన్న పదాన్ని చూపుతో పట్టుకున్న బిడ్డకు ‘చెరువులో’, ‘చెరువుకు’, ‘చెరువుగట్టు’ కొత్త పదాల్లా కనిపిస్తాయి. ‘ఇల్లు’ ‘ఇంటికి’గా, ‘ఊరు’ ‘ఊళ్ళో’గా, ‘కన్ను’ ‘కళ్ళు’గా మారినప్పుడు పదం లోపలే మార్పు జరుగుతుంది. కాబట్టి తెలుగులో చూపు పదాల జాబితా ఎంత పొడవుదైనా, ఆ దారి ఒక్కటే పట్టుకుంటే బిడ్డ కొంత దూరం వెళ్ళి ఆగిపోతుంది.

అలాగని అ నుంచి ఱ దాకా వర్ణమాల అంతా వచ్చాకే పదం అన్న పాత పట్టుదల ఈ పిల్లల విషయంలో మరింత హాని చేస్తుంది. తెలుగులో 30కి పైగా ఉన్న హల్లులు ఒక్కొక్కటీ గుణింతంలో డజనుకు పైగా రూపాలు తాల్చి, వాటి కింద ఒత్తులు కూడా చేరితే, గుర్తుంచుకోవలసిన రూపాల సంఖ్య వందల్లోకి పోతుంది. తెలుగుకు తోబుట్టువు వంటి కన్నడ లిపిని చిన్నపిల్లలు నేర్చుకునే వేగం మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాల మీద పట్టు సాధించే పని నాలుగో తరగతిలో కూడా సాగుతూనే ఉంటుందని చూపించింది. ఏ ఇబ్బందీ లేని పిల్లలకే అన్నేళ్ళు పట్టే పనిని ముందు పూర్తి చేసి, ఆ తరువాతే అర్థమున్న పదం చేతికిస్తామనడం, మాట రాని బిడ్డను చదువు గడప బయట కూర్చోబెట్టడమే.

లిపిలోని మరో కష్టం క్రమానికి సంబంధించినది. ‘డ్డి’ అన్న అక్షరంలో ధ్వనులు డ్, డ్, ఇ అన్న వరుసలో వినిపిస్తాయి. రాతలో మాత్రం ‘డి’ ముందు కనిపించి, దాని కింద డ ఒత్తు ఉంటుంది. అంటే ఆఖరున వినిపించే ఇకారం రాతలో గుడిగా పైన కూర్చుంటుంది, మధ్యలో వినిపించే హల్లు కిందికి దిగుతుంది. చెవి వరుస ఒకటి, చేతి వరుస మరొకటి కావడం వల్ల, ధ్వనులను విడదీయడమే కష్టమైన పిల్లలకు ఒత్తక్షరం పెద్ద గండమవుతుంది. పైగా డ ఒత్తు డ రూపాన్నే పోలి ఉంటుంది గాని త, న, మ, య, ర, ల ఒత్తులు తమ మూలాక్షరాలను పోలి ఉండవు. ఎల్లారెడ్డి అన్న ఒక్క పేరులోనే ఈ రెండు రకాలూ ఉన్నాయి. వీటికి తోడు వ, మ, య; ప, ష, ఫ; ద, డ, ధ, ఢ వంటి దగ్గరి పోలికల గుంపులు ఉన్నాయి. డిస్లెక్సియా ఉన్న బిడ్డకు ఒక గుంపులోని రెండక్షరాలను ఒకే వారంలో పరిచయం చేయకపోవడం మంచిది. మొదటిది స్థిరపడి, చూపిన ప్రతిసారీ తడుముకోకుండా వచ్చిన తరువాతే రెండోది తీయాలి.

చూపు పదాలే చాలన్న దారికీ, వర్ణమాలే ముందన్న దారికీ మధ్య ఈ అధ్యాయం సూచించే మార్గం ఇది: బిడ్డకు నిజంగా పనికివచ్చే కొద్ది పదాలను మొదట పూర్తి రూపాలుగా, అర్థంతో సహా ఇచ్చి, అవి స్థిరపడగానే ఆ పదాల కడుపులోంచే అక్షరాలను బయటికి తీయాలి. పూర్తి రూపం తలుపు వంటిది. తలుపు దగ్గరే ఆగిపోకూడదు, తలుపు లేకుండా లోపలికి రమ్మననూ కూడదు.

ఏ పదాలు ముందు

పదాల ఎంపికలో పాఠ్యపుస్తకం కంటే ఇంటి వాడుక ముఖ్యం. కామారెడ్డి ప్రాంతపు ఇంట్లో బర్రె ఉంటుంది, గేదె ఉండదు. చొక్కా కంటే అంగి, దాహం కంటే దూప, మొక్కజొన్న కంటే మక్కలు ఆ బిడ్డ చెవిన ముందు పడిన మాటలు. పుస్తకంలో ‘గేదె’ బొమ్మ కింద ఆ పదం చూసిన బిడ్డ ఒకేసారి రెండు కొత్త విషయాలు నేర్చుకోవలసి వస్తుంది; ‘బర్రె’ అని రాసిస్తే రాత ఒక్కటే కొత్తది. ప్రమాణభాషా పదాన్ని తరువాత ఎప్పుడైనా చేర్చవచ్చు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి పరిసరాల్లోని తండాల పిల్లలకు ఇంటి భాష గోర్ బోలి. తల్లిని ‘యాడి’ అనీ, నీళ్ళను ‘పాణి’ అనీ పిలిచే బిడ్డకు ఆ మాటలనే తెలుగు లిపిలో రాసి మొదటి కార్డులుగా ఇవ్వడంలో తప్పేమీ లేదు, ఆ భాషకు సంప్రదాయంగా వేరే లిపి లేదు గనుక అదే సహజం కూడా. ఉర్దూ మాట్లాడే ఇళ్ళకూ, మద్నూర్, జుక్కల్ వైపు మరాఠీ, కన్నడం వినిపించే ఇళ్ళకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మాట ఆలస్యమైన బిడ్డను చూసి, ఇంటి భాష మానేసి తెలుగే మాట్లాడమనో ఇంగ్లీషే మాట్లాడమనో తల్లికి సలహా ఇవ్వడం చాలాచోట్ల వినిపిస్తుంది. అది మంచి సలహా కాదు. ఉన్న ఒక్క భాషాబంధాన్ని కూడా అది తెంచేస్తుంది.

మొదటి కార్డు బిడ్డ పేరే కావాలి. తరువాత ఇంట్లోని మనుషులు, ఇష్టమైన తిండి, ఇష్టమైన వస్తువు రావాలి. మాట రాని పిల్లలకు వీటితో పాటు పనిచేసే మాటలు కూడా మొదటి పదిలోనే ఉండాలి: వద్దు, కావాలి, ఇంకా, చాలు, దూప, నొప్పి. ‘వద్దు’ అన్న కార్డు ఎత్తి చూపిన బిడ్డ ముందు నుంచి అన్నం ముద్దను నిజంగా పక్కకు తీసేస్తేనే ఆ రెండక్షరాలకు బలం ఉందని దానికి తెలుస్తుంది. తల్లులు చాలామంది ‘ఇంకొక్క బుక్క’ అని బతిమాలి తినిపిస్తారు. ప్రేమతో చేసే పనే అయినా, ఆ క్షణంలో రాత ఓడిపోతుంది. తొలి పదాలు చూపుకు ఒకదానితో ఒకటి పోలిక లేనివిగా కూడా ఉండాలి. ‘తల, వల, అల’ వంటి జతలు అక్షరాలు విడదీసే దశలో ఎంతో ఉపయోగపడతాయి గాని మొదటి వారంలో అవే గందరగోళానికి మూలం. ‘బర్రె’, ‘నీళ్ళు’, ‘సైకిల్’ అన్న మూడింటినీ పక్కపక్కన పెడితే ఏదీ మరొకదానిలా ఉండదు.

కార్డు తయారీ ఖర్చులేని పని. మెరుపు లేని గట్టి అట్ట, నల్లటి మందపాటి అక్షరాలు, ఒత్తు కిందికి దిగడానికి తగినంత చోటు ఉంటే చాలు. బొమ్మనూ పదాన్నీ ఒకే వైపు ఉంచే అలవాటు విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే బొమ్మ సులభం గనుక బిడ్డ బొమ్మనే చూసి పదాన్ని పట్టించుకోదు. మొదటి రెండు మూడు రోజులు బొమ్మ ఉంచి, ఆ తరువాత దాన్ని కార్డు వెనక్కి మార్చడం మేలు.

జతచేయడం, ఎంచడం, చెప్పడం

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు చదువు నేర్పడంపై పెట్రిషియా ఓల్వైన్ 1995లో వెలువరించిన పుస్తకం పదాన్ని మూడు మెట్లలో నేర్పమంటుంది. అదే పదం ఉన్న రెండు కార్డులను జతచేయడం మొదటిది. పేరు చెబితే ఆ కార్డును ఎంచి ఇవ్వడం రెండోది. కార్డు చూపితే పేరు చెప్పడం మూడోది. ఇది డౌన్ సిండ్రోమ్ పిల్లలకే కాక మరెందరికో సరిపోయే వరుస. మన బళ్ళలో సాధారణంగా మూడో మెట్టుతోనే మొదలుపెట్టి, ‘ఇదేంటి? చెప్పు’ అని అడుగుతారు. అది పరీక్ష. జతచేయడంలో పరీక్ష లేదు. అక్కడ బిడ్డ చేయవలసింది రెండు రూపాలు ఒకటేనని చూడటం మాత్రమే. ఈ మెట్టుకు ఇంకో సుగుణం ఉంది. నాన్న గల్ఫ్‌లో ఉండి, అమ్మ చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఇళ్ళు ఈ ప్రాంతంలో తక్కువేమీ కావు. అటువంటి ఇంట్లో బిడ్డతో ఎక్కువసేపు గడిపే నానమ్మకు అక్షరం ముక్క రాకపోయినా, రెండు కార్డులు ఒకేలా ఉన్నాయో లేదో ఆమె కళ్ళు చెప్పగలవు. జతచేసే ఆటను ఆమె నిక్షేపంగా ఆడించగలదు. చదువురాని ఇల్లు చదువులో సాయపడలేదన్న మాట ఈ మెట్టు వరకు నిజం కాదు.

రెండో మెట్టులో ఒక్క కార్డుతో మొదలుపెట్టి, దాని పక్కన ఖాళీ అట్ట ఉంచి, తరువాత పోలిక లేని పదం, చివరికి దగ్గరి పోలిక ఉన్న పదం ఉంచుతూ పోటీని క్రమంగా పెంచాలి. మొదట్లో అడిగిన వెంటనే సరైన కార్డు వైపు వేలు చూపించి ఊతమివ్వాలి. నాలుగైదు సార్లయ్యాక అడగడానికీ ఊతమివ్వడానికీ నడుమ మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకునేంత విరామం ఇవ్వాలి. ఆ విరామంలోనే బిడ్డ తానుగా కదులుతుంది. ఈ పద్ధతి ఉద్దేశం బిడ్డ చేత తప్పు చేయించి దిద్దడం కాదు, తప్పుకు చోటివ్వకుండా నేర్పడం. బౌద్ధిక వైకల్యం ఉన్న పిల్లల్లో ఒకసారి చేసిన తప్పే అలవాటుగా స్థిరపడే ప్రమాదం ఎక్కువ గనుక ఈ జాగ్రత్త. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఐదు లెక్క చాలదు, పదీ పదిహేనూ పట్టవచ్చు. చెయ్యి గాలిలో లేచి దారి వెతుక్కుంటున్నప్పుడు పెద్దలు తొందరపడి మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఆ ప్రయత్నమంతా మొదటికొస్తుంది. చెయ్యి కూడా లేవని బిడ్డకు రెండు కార్డులనూ కుడి ఎడమలకు దూరంగా పట్టుకుని, చూపు ఎటు నిలిచిందో గమనించాలి. ఆ చూపు కూడా చదవడమే.

మూడో మెట్టు అందరికీ వర్తించదు. మాట వచ్చే పిల్లలు చెబుతారు. వచ్చీ రాని మాటలతో చెప్పేవారి ఉచ్చారణను అక్కడికక్కడే దిద్దకూడదు. ‘బర్రె’ కార్డు చూసి ‘బలె’ అన్న బిడ్డ పదాన్ని సరిగ్గానే చదివింది, ధ్వనిని మాత్రం పలకలేకపోయింది. మాట లేని పిల్లలు సైగతోనో, వస్తువును తెచ్చివ్వడంతోనో, బొమ్మను చూపించడంతోనో చెబుతారు. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్‌లో స్యూ బక్లీ 1980ల నుంచి చేసిన అధ్యయనాలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే పదాలు చదవడం నేర్పితే అది వారి మాటకే ఊతమవుతుందని తెలిపాయి. మాట వచ్చాక చదువు అని ఎదురుచూసే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి. రాసిన పదం గాలిలో కలిసిపోదు, చెవి అందుకోలేకపోయినదాన్ని కన్ను మళ్ళీ మళ్ళీ అందుకోగలదు.

ఒక విడతకు ఐదు నుంచి పది నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు విడతలు. తెలిసిన నాలుగైదు కార్డుల నడుమ కొత్తవి ఒకటో రెండో కలపాలి. బిడ్డ విసిగి లేచిపోకముందే ఆపడం నేర్పేవారి పని.

పదాన్ని విప్పడం

పదిహేను ఇరవై పదాలు స్థిరపడిన తరువాత, వాటినే ముక్కలు చేసే దశ మొదలవుతుంది. ‘కామారెడ్డి’ కార్డును నాలుగు అక్షరాలుగా కత్తిరించి, పైన పూర్తి కార్డు నమూనాగా పెట్టి, కింద ముక్కలు పేర్చమనాలి. చప్పట్లతో కా, మా, రె, డ్డి అని నాలుగు దెబ్బలు వేయించాలి. తెలుగు పిల్లలకు అక్షరాన్ని చెవితో విడదీయడం సహజంగానే తొందరగా పట్టుబడుతుంది, అక్షరంలోపలి హల్లునూ అచ్చునూ విడదీయడమే ఆలస్యమవుతుంది. అందువల్ల చప్పట్ల ఆట తరువాత ‘మా’ ముక్కను తీసి ‘మాచారెడ్డి’లో పెట్టించడం, ‘రెడ్డి’ రెండు ముక్కలను అలాగే ఉంచి తలలు మార్చి ఊళ్ళు మార్చడం వంటివి చేయించాలి. అవే ముక్కలతో ‘మామా’, ‘కాకా’ వంటి పిలుపులు కూడా వస్తాయి. తాను అంతవరకు చూడని పదాన్ని తనకు తెలిసిన ముక్కలతో బిడ్డ పోల్చుకున్న రోజున చూపు పదాల దశ దాటినట్టు లెక్క. ప్రత్యయాలను వేరే రంగు అట్ట మీద రాసి, ‘చెరువు’ పక్కన ‘లో’ను, ‘కు’ను అంటించి చూపితే పదం పెరిగే తీరు కంటికి కనబడుతుంది. ‘ఇల్లు–ఇంటికి’ వంటివాటికి ఈ ఉపాయం పనిచేయదు. వాటిని విడి పదాలుగానే నేర్పాలి.

అక్షర రూపం మనసుకు ఎక్కని డిస్లెక్సియా పిల్లలకు చేతి సాయం అవసరం. గ్రేస్ ఫెర్నాల్డ్ 1943లో ప్రచురించిన పుస్తకంలో, పెద్దగా రాసిన పదం మీద బిడ్డ వేలితో దిద్దుతూ పలకడం, తరువాత చూడకుండా రాయడం అన్న పద్ధతిని వివరించారు. దిద్దించడం తెలుగువారికి కొత్త కాదు. కామారెడ్డి జిల్లా కుటుంబాలు బాసర వెళ్ళి పిల్లల చేత బియ్యంలో అక్షరం దిద్దించి వస్తూనే ఉన్నాయి. ఆ పళ్ళెం, ఆ బియ్యం ఒక్కరోజు తంతుగా ముగియకుండా ఏడాది పొడవునా ఇంట్లో ఉండగలిగితే ఫెర్నాల్డ్ చెప్పిన పనిముట్టు ఖర్చు లేకుండా సమకూరినట్టే. అయితే వేలు కదులుతున్నప్పుడు కన్ను అక్షరం మీద ఉండాలి, పలకగలిగితే నోరు కూడా కలవాలి. దిక్కులు చూస్తూ వందసార్లు దిద్దిన అక్షరం చేతికి అలసట మిగులుస్తుంది తప్ప మనసుకు చేరదు.

చుట్టూ ఉన్న సాయం

పద్ధతులన్నిటికీ ముందు చెవి, కన్ను పరీక్ష చేయించాలి. చెవిలో తరచూ చీము కారే బిడ్డ మాట అందక వెనుకబడితే, దాన్ని మందబుద్ధి అనుకోవడం ఇప్పటికీ జరుగుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించే వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వస్తాయి. బడి వైపు నుంచి భవిత కేంద్రాలు ఉన్నాయి. సమగ్ర శిక్షా కింద మండల స్థాయిలో నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే రిసోర్స్ పర్సన్లు పనిచేస్తారు, కదలలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి కూడా బోధిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం, మాట–భాషా వైకల్యం వాటిలో ఉన్నాయి. 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కని అదే చట్టం చెబుతోంది. లోతైన పరీక్ష అవసరమైతే, బౌద్ధిక వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో ఉంది. కామారెడ్డి నుంచి రైలులో ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వైకల్య ధ్రువపత్రం పింఛనుకూ పరీక్షల్లో వెసులుబాట్లకూ కావాలి గాని, దానికోసం ఎదురుచూస్తూ కార్డులు మొదలుపెట్టకపోవడానికి కారణం లేదు.

తరగతి గదిలో మారవలసినది ఒకటుంది. తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు వంటి కార్యక్రమాలు ప్రాథమిక తరగతుల పిల్లల పఠనాన్ని తరచూ అంచనా వేయమంటాయి. ఆ అంచనాలో మాట రాని బిడ్డ పేరు ఎదుట ‘చదవలేదు’ అని రాసే ముందు, నాలుగు కార్డులు పరిచి ఒకటి అడిగి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. చూపిన పదాల సంఖ్యను, పలికిన పదాల సంఖ్యను విడివిడిగా రాయాలి.

ఇంటి దగ్గర కూడా ఇటువంటి లెక్కకు ఒక పుస్తకం ఉంచుకోవాలి: తేదీ, పదం, ఊతంతో చూపిందా తానుగా చూపిందా, ఏ పదంతో పొరబడింది. వరుసగా మూడు రోజులు, ముగ్గురు వేర్వేరు మనుషులు అడిగినా ఊతం లేకుండా చూపిన పదం వచ్చినట్టు లెక్క. అమ్మ అడిగితేనే వచ్చే పదం ఇంకా సగం దూరంలోనే ఉంది. కార్డు మీద స్థిరపడిన పదాన్ని కార్డు బయట కూడా చూపించాలి, చేతిరాతలో, అచ్చులో, దుకాణం బోర్డు మీద. ఊరి పేర్లకైతే బస్టాండే చివరి పాఠం. కామారెడ్డి బస్టాండులో బిడ్డను ఎదురుగా నిలబెట్టి, బస్సు పేరు చెప్పకుండా, బోర్డు కనిపించేంత దగ్గరలో ఆగి వేచి ఉండాలి. ‘ఎల్లారెడ్డి’ అన్న బోర్డు వచ్చినప్పుడు బిడ్డ చెయ్యి లేచినా, తల తిరిగినా, అమ్మ కొంగు లాగినా, ఆ రోజు అక్కడ పనేమీ లేకపోయినా సరే, ఆ బస్సు ఎక్కి కనీసం లింగంపేట దాకా వెళ్ళి రావాలి.